అప్‌డేట్: అమ్మతో తియాన్‌జిన్ పాత బజారు చూసొచ్చాం

బీజింగ్ నుంచి ఒక్క రోజులో వెళ్లి రావొచ్చా, గుడ్డు కూడా తినని అమ్మకి అక్కడ ఏమైనా దొరుకుతుందా అని అడిగాను కదా. వెళ్లొచ్చాం. హైస్పీడ్ రైలు అరగంటే.

ఆ పాత బజారు పేరు గూవెన్‌హువా వీధి. దాని మధ్యలో తియాన్‌హౌ గుడి ఉంది, 1326లో కట్టింది. అందులోని దేవత మాజు, సముద్రం మీదికి వెళ్లేవాళ్లని కాపాడే తల్లి. మన తీరంలో వేటకెళ్లే ముందు గంగమ్మకి మొక్కుతారు కదా, అమ్మకి విడమర్చి చెప్పాల్సిన పనే లేకపోయింది, చేతులు జోడించేసింది.

తిండి సంగతి. జొన్నపిండితో చేసే చాథాంగ్ తప్పకుండా తినండి. పేరులో టీ ఉన్నా అందులో టీ లేదు. అమ్మేవాడు డ్రాగన్ మూతి ఉన్న పెద్ద రాగి కెటిల్‌ని వంచి, చేతిలోని గిన్నెలోకి దూరం నుంచే సలసలా కాగే నీళ్లు పోశాడు. చుక్క బయట పడలేదు! క్షణంలో జావ చిక్కబడింది. పైన బెల్లంలాంటి ఎర్ర చక్కెర, నువ్వులు. జియాన్‌బింగ్ అని అట్టు ఉంటుంది, దాని పిండి పెసలదే, గుడ్డు వద్దని ఫోన్‌లో చూపించి వేయించుకున్నాం. "పెసరట్టే ఇది" అంది అమ్మ.

యాంగ్‌లియుచింగ్ అనే రకం కాగితం బొమ్మ ఒకటి కొన్నాను, చేపని పట్టుకున్న బొద్దు బాబుది. గీతలు చెక్క అచ్చుతో వేసి, రంగులు చేత్తో దిద్దుతారు. చైనీస్‌లో చేప అన్నా, మిగులు అన్నా పలికేది 'యూ' అనే, అందుకే కొత్త ఏడాదికి ఇంట్లో పెట్టుకుంటారట. మట్టిబొమ్మల జాంగ్ కొట్టుకి మాత్రం గంట కేటాయించండి, మాకు చాల్లేదు.