మబ్బులు కిందికి దిగితే సూర్యకిరణ్ బృందం ఏం చేస్తుంది?

అందరికీ నమస్కారం. మేము బెంగళూరులో, యలహంక వైమానిక స్థావరానికి దగ్గరలో ఉంటాం. ఏరో ఇండియా వైమానిక ప్రదర్శన వచ్చిందంటే మా మేడ మీద చుట్టాలకు చోటు చాలదు. మన వాయుసేన విన్యాసాల బృందం సూర్యకిరణ్‌కు చెందిన తొమ్మిది హాక్ విమానాలు ఒక్కటిగా వంపు తిరుగుతుంటే పిల్లలు అడిగే ప్రశ్నలకు నా దగ్గర సగం జవాబులే ఉన్నాయి.

బ్రిటన్‌కు చెందిన ఇలాంటి బృందమే రెడ్ యారోస్, మూడు రకాల ప్రదర్శనలు సిద్ధంగా ఉంచుకుంటుందని చదివాను. మబ్బుల కింది అంచు 5,500 అడుగులకు పైన ఉంటే నిలువు చుట్లతో పూర్తి ప్రదర్శన. అంతకన్నా దిగితే దొర్లే విన్యాసాలు. 2,500 అడుగుల లోపైతే అడ్డంగా మలుపులు మాత్రమే. మన సూర్యకిరణ్ పద్ధతి కూడా ఇదేనా?

అసలు సందేహం వేరే. పక్కనున్న పైలట్ల చూపంతా నాయకుడి విమానం మీదే ఉంటుంది కదా, ఆకాశం మీద కాదు. ప్రదర్శన మధ్యలో మబ్బు అడ్డొస్తే నాయకుడు రేడియోలో ఏమని చెబుతాడు? ఒక్క మాటతో మిగిలిన ఎనిమిది మందీ తర్వాతి విన్యాసం మార్చుకుంటారా, లేక ఆ మార్పులు కూడా నేల మీదే ముందుగా సాధన చేసి ఉంటారా?

ఇంకొకటి, గాలి. ఎదురెదురుగా దూసుకొచ్చే రెండు విమానాల్లో ఒకదానికి గాలి తోడైతే, రెండోదానికి ఎదురవుతుంది. అయినా సరిగ్గా జనం ముందే ఎలా దాటుకుంటాయి? గడియారం చూసుకునా, ఒకరికొకరు చెప్పుకునా?

వాయుసేనలో పనిచేసినవారు ఎవరైనా ఉంటే కాస్త వివరంగా చెప్పండి. ‘అంతా అభ్యాసమే’ అనే జవాబు మా బావగారు ఇప్పటికే ఇచ్చేశారు.