ఎండకు ఉబ్బుతున్న జాలీ ప్యానెళ్లు, చెక్క ఫ్రేమ్‌లో ఎంత గ్యాప్ వదలాలి?

మాది అనంతపురం. పెరట్లో పడమటి వైపు డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసేది) జాలీ ప్యానెళ్లు మూడు పెట్టించాం, ఒక్కొక్కటి 6 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు, 12 ఎంఎం మందం. ఫ్రేమ్ వేపకర్రది. 3 అంగుళాల చదరపు గుంజలు, అడుగున్నర గుంతల్లో కాంక్రీటు పోసి నిలబెట్టాం, అవి గట్టిగానే ఉన్నాయి, కదలడం లేదు.

ఇబ్బందంతా ప్యానెళ్లతోనే. పొద్దున చూస్తే చదునుగా ఉంటాయి, మధ్యాహ్నం మూడింటికల్లా ఎండ నేరుగా పడేసరికి నడుమ భాగం దాదాపు అంగుళం ముందుకు ఉబ్బుతుంది, రాత్రి చల్లబడ్డాక మళ్లీ సర్దుకుంటుంది. రోజూ ఇదే జరిగి జరిగి ఇప్పుడు మూలల్లో స్క్రూల చుట్టూ వెంట్రుకంత పగుళ్లు కనిపిస్తున్నాయి.

రబ్బరు వాషర్లు వేసి చూశాను, నడుమ స్క్రూలు తీసేశాను, వెనక అడ్డపట్టీ కొట్టించాను. పట్టీ కొట్టాక ఒక్కచోట ఉబ్బేది పైనా కిందా రెండుచోట్ల ఉబ్బుతోంది, అంతే తేడా. స్క్రూలు వదులు చేస్తే ఆషాఢ గాలికి రాత్రంతా దడదడ కొట్టుకుంటాయి, మా వైపు గాలి సంగతి ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు.

స్క్రూలు మొత్తం తీసేసి, ఫ్రేమ్‌కి లోపలి వైపు గాడి తీసి ప్యానెల్‌ని అందులో కూర్చోబెడదాం అంటున్నాడు వడ్రంగి. నాకూ అదే సరైన దారి అనిపిస్తోంది. ఆ డిజైన్ ఇంట్లో అందరం ఎంతో ఇష్టపడి ఎంచుకున్నాం, పగిలిపోతే తట్టుకోలేం. 40 డిగ్రీలు దాటే ఎండలో బిగుసుకోకుండా, గాలికి కొట్టుకోకుండా ఉండాలంటే గాడిలో ఈ సైజు ప్యానెల్‌కి పైన, పక్కల ఎన్ని ఎంఎం గ్యాప్ వదలాలి?