పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్‌కు పంపితే ఇంజినీరింగ్ దూరమవుతుందా?

పల్లెబడి మాస్టారు:
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. ఈ ఏడు పదో తరగతిలో ఒక అమ్మాయి ఉంది. ఓమ్ నియమం చెప్పమంటే తడబడుతుంది. అమ్మీటరు, వోల్టుమీటరు బల్ల మీద పెడితే మాత్రం ఏ జట్టు తప్పుగా కలిపిందో దూరం నుంచే పట్టేస్తుంది. వాళ్ల నాన్న బోరు మోటార్లకు వైండింగ్ చేస్తారు. రాగి తీగ చుట్లు లెక్కపెట్టడం ఇంట్లోనే నేర్చుకుంది. ఇంటర్ పేరుతో రెండేళ్లు బట్టీ పట్టిస్తే ఈ పిల్ల వాడిపోతుందని నా భయం. ఎలక్ట్రికల్ డిప్లొమా నయమనిపిస్తోంది. "పాలిటెక్నిక్ అంటే పెద్ద చదువు లేనట్టే కదా మాస్టారూ" అంటున్నారు వాళ్లమ్మ. ఆమెకు ఏమని చెప్పను? ఆ దారిలో నడిచినవారు రాయండి.

మూడో బెంచీ:
మాస్టారూ, నేను ఆ దారిలోనే వచ్చాను. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి మహిళా పాలిటెక్నిక్‌లో మూడేళ్ల ఎలక్ట్రికల్ డిప్లొమా, తర్వాత డిప్లొమా వాళ్లకు ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష అయిన ఈసెట్, నేరుగా బి.టెక్. రెండో ఏడు. మూడూ మూడూ ఆరేళ్లు. ఇంటర్ దారిలో రెండూ నాలుగూ ఆరేళ్లే. ఈ కూడిక కాగితం మీద వేసి ఆ తల్లికి చూపించండి. మా అమ్మ మెత్తబడింది అది చూశాకే.

అసలు చిక్కు లెక్కలతో. డిప్లొమాలో ల్యాబు సరదాలో పడి లెక్కలు వదిలేస్తాం. ఈసెట్‌లో 200 మార్కులకు 100 మన బ్రాంచివి, 50 గణితం, భౌతిక రసాయన శాస్త్రాలకు చెరో 25. బ్రాంచి సంగతి అందరూ చూసుకుంటారు, ర్యాంకు తేలేది గణితంలోనే. నాకది ఆలస్యంగా తెలిసింది. పారిశ్రామిక శిక్షణలో సబ్‌స్టేషన్‌లో రీడింగుల రిజిస్టరు పక్కనే సమాకలనాల పుస్తకం పెట్టుకునేదాన్ని. "కరెంటు నేర్చుకోవడానికి వచ్చావా, కలన గణితానికా?" అని అక్కడి పెద్దాయన రోజూ ఆటపట్టించేవారు.

బి.టెక్.లో మొదటి వారం ఏడ్చాను. మిగతావాళ్లు అప్పటికే ఏడాదిగా కలిసి చదువుతున్నారు, మూడో బెంచీలో డిప్లొమా వాళ్లం నలుగురం. డి.సి. షంట్ మోటారు ప్రయోగం వచ్చిన రోజు వరస మారింది. ఫీల్డు తీగ ఊడితే మోటారు వేగం అదుపు తప్పుతుందని అందరూ చదివారు. స్విచ్చి వేయబోయే ముందు ఆ తీగ స్క్రూ బిగించి చూసింది మేమే.

ఇంకొకటి. డాక్టరు కావాలని ఆ పిల్ల మనసులో ఉందేమో ముందే అడగండి. డిప్లొమాతో నీట్ రాయడానికి లేదు, దానికి ఇంటర్ స్థాయిలో జీవశాస్త్రం ఉండాలి.

రక్తపరీక్ష:
జీవశాస్త్రం ఇష్టపడే పిల్లలున్నా మాస్టారు ఒకటి గుర్తుంచుకోవాలి. మా తమ్ముడు ఇంటర్ ఒకేషనల్‌లో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేశాడు. స్లైడు మీద రక్తపు పూత వాడిలా తీసేవాళ్లు తరగతిలో లేరు. పై చదువుల ప్రవేశ పరీక్షకు, ఒకేషనల్‌లో తగ్గిన సబ్జెక్టుల లోటు పూడ్చే బ్రిడ్జి కోర్సు కూడా పాసవ్వాలని కళాశాలలో ఎవరూ చెప్పలేదు. తెలిసేసరికి ఫీజు గడువు దాటింది, ఏడాది పోయింది. చేరిన రోజే అడగాల్సిన ప్రశ్న అది.

గోదారి గట్టు:
ట్రిపుల్ ఐటీలను మరిచారు. బాసర, నూజివీడు, ఇడుపులపాయ 2008 నుంచి పల్లె పిల్లల కోసమే ఉన్నాయి. పదో తరగతి మార్కులతోనే సీటు, ఇంటర్, బి.టెక్. కలిపి ఆరేళ్ల చదువు.

మూడో బెంచీ:
మార్కులుంటే తప్పకుండా దరఖాస్తు పెట్టించండి. నిర్వచనాల దగ్గర తడబడే పిల్ల అన్నారు కాబట్టి దాన్నే నమ్ముకోవద్దు, పాలిసెట్ కూడా రాయించండి.

పల్లెబడి మాస్టారు:
నిన్న సాయంత్రం వైండింగ్ కొట్టుకు వెళ్లి కూడిక వేసి చూపించాను. వాళ్లమ్మ కాసేపు కాగితం చూసి "హాస్టలు ఉంటుందా?" అని ఒక్కటే అడిగారు. డాక్టరు ఆలోచన అమ్మాయికి లేదట. "డిప్లొమాలో త్రికోణమితి ఉండదు కదా సార్?" అంది. ఉంటుందన్నాను. మొహం ముడుచుకుంది. సోమవారం నుంచి బడి వదిలాక అరగంట కూర్చోబెడుతున్నాను. మూడో బెంచీ అమ్మా, మీ పాత ఈసెట్ గణితం నోట్సు ఉంటే ఫొటోలు పెట్టగలరా?