సూట్‌కేసులో బట్టలు నలగకుండా సర్దడం ఎలా? చుట్టడం మేలా, మడవడం మేలా?

ప్రశ్న: సంచారి

ఉద్యోగరీత్యా తరచుగా ప్రయాణాలు చేస్తుంటాను. దిగిన తరువాత సామాను కోసం ఎదురుచూసే ఓపిక లేక, విమానంలో వెంట ఉంచుకోగలిగే చిన్న చక్రాల సూట్‌కేసు ఒక్కటే తీసుకువెళ్తాను. వారానికి సరిపడా చొక్కాలు, ప్యాంట్లు, ఒక కోటు, టీషర్టులు, లోదుస్తులు, ఇంకొక జత బూట్లు, స్నానపు సామగ్రి అన్నీ అందులోనే పట్టాలి. ఎలాగో పడుతున్నాయి, చిక్కంతా పెట్టె తెరిచిన తరువాతే. చొక్కాల వీపు మీద అడ్డగీతలు తేలి ఉంటాయి, కాలరు ఒక పక్కకు అణిగిపోతుంది, కోటు చేతులు మోచేతుల దగ్గర నలిగి ఉంటాయి. దిగిన పూటే సమావేశం ఉంటే ఇస్త్రీ చేసుకునే వ్యవధి చిక్కదు.

అన్నిటినీ చుట్టలుగా చుట్టి పెట్టమని కొందరంటారు, అలా చేస్తే ఇంకా నలుగుతాయని మరికొందరంటారు. గాలి తీసివేసే ప్లాస్టిక్ సంచులు వాడితే సగం చోటు మిగులుతుందని కూడా విన్నాను. వీటిలో ఏది దేనికి పనికివస్తుందో, ఎందుకు పనికివస్తుందో తెలిసినవారు వివరంగా చెప్పగలరా?

సమాధానం: నూలుపోగు

సంచారి గారూ, చుట్టాలా మడవాలా అన్నదానికంటే ముందు మీ చొక్కాలు ఏ బట్టతో కుట్టినవో చూసుకోవాలి. వస్త్ర పరిశ్రమలో పనిచేస్తున్నాను కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

నూలు, నార (లినెన్) బట్టల పోగులు రెండూ సెల్యులోజ్ అనే పదార్థంతో ఏర్పడినవే. సెల్యులోజ్ అణువులు పొడవైన గొలుసులుగా ఉంటాయి. పక్కపక్కనున్న గొలుసులను హైడ్రోజన్ బంధాలు పట్టి ఉంచుతాయి. ఈ బంధాలు బలమైనవి కావు. తేమ, వేడి తగిలినప్పుడు సడలిపోయి, గుడ్డ మళ్ళీ ఆరి చల్లారే సమయానికి ఏ వంపులో ఉంటే ఆ వంపులోనే తిరిగి ముడిపడతాయి. ఆవిరి పట్టి ఇస్త్రీ చేస్తే గుడ్డ చదునుగా నిలిచేది ఈ కారణం చేతనే; వెచ్చగా, కాస్త చెమ్మగా ఉన్న చొక్కా బరువు కింద వంగి కొన్ని గంటలు పడి ఉంటే ఆ వంపు గీతగా మిగిలిపోయేదీ ఈ కారణం చేతనే.

అందువల్ల పెట్టె సర్దడంలో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటి ఉంది. ఇస్త్రీ పెట్టె కిందనుంచి తీసిన చొక్కాను వేడిగా ఉండగానే మడిచి సూట్‌కేసులో పెట్టకూడదు. చేతికి పొడిగా తోచినా అందులో ఆవిరి ఇంకా మిగిలే ఉంటుంది. హ్యాంగరుకు తగిలించి పూర్తిగా చల్లారనిచ్చి, ఆరనిచ్చి, అప్పుడు మడవాలి. వీలైతే ఇస్త్రీ ముందు రోజు సాయంత్రమే ముగించి, సర్దడం బయలుదేరే ముందు పెట్టుకోవడం మంచిది. బట్ట పెట్టెలో ఎంత తక్కువ సేపు ఉంటే గీత అంత పలుచగా పడుతుంది. తడి తువ్వాలు, సగం ఆరిన ఈత దుస్తులు వంటివి అదే అరలో పెడితే వాటి చెమ్మ పక్కనున్న చొక్కాలకు పాకుతుంది. వాటిని నీరు చొరని సంచిలో విడిగా కట్టండి.

ఇక బట్టల మధ్య తేడాలు. సాధారణ వాతావరణంలో నూలు తన పొడి బరువులో సుమారు 8 శాతం తేమను పట్టి ఉంచుకుంటుంది, పాలిస్టర్ 0.4 శాతం మాత్రమే. పాలిస్టర్ కలిసిన చొక్కాలు తక్కువ నలగడానికి ఇదొక కారణం. ఉన్ని ఇంతకంటే ఎక్కువ తేమను పీల్చుకుంటుంది గాని, దాని పోగు పుట్టుకతోనే మెలికలు తిరిగి ఉండి, స్ప్రింగులా సాగి మళ్ళీ తన ఆకారానికి వస్తుంది. మంచి ఉన్ని కోటును రాత్రంతా తగిలించి ఉంచితే నలుగుడు చాలావరకు దానంతట అదే పోతుంది. అన్నిటికంటే మొండిది నార బట్ట. దాని పోగు బిరుసు, వంచితే తిరిగి లేవదు. దాన్ని నలగకుండా తీసుకువెళ్ళే పద్ధతి అంటూ ఏదీ లేదని నా అభిప్రాయం.

ముడతపడని నూలు అని అమ్మే చొక్కాల సంగతి కూడా చెప్పాలి. 1950ల దశకంలో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన న్యూ ఆర్లీన్స్ ప్రయోగశాలలో రూత్ బెనెరిటో అనే రసాయన శాస్త్రవేత్త, ఆమె సహచరులు చేసిన పరిశోధన ఈ రకం బట్టలకు బాట వేసింది. సెల్యులోజ్ గొలుసుల మధ్య రసాయనాలతో గట్టి బంధాలు వేస్తే, తేమ తగిలినా అవి సడలవు. దీనికి మూల్యం లేకపోలేదు; పోగు బలం కొంత తగ్గి, కాలరు అంచు, కఫ్ అంచు ముందుగా అరుగుతాయి. ప్రయాణాలకని రెండు మూడు విడిగా ఉంచుకుంటే ఆ నష్టాన్ని భరించవచ్చు.

సమాధానం: మడతకత్తె

నూలుపోగు గారు బట్ట సంగతి చెప్పారు కనుక నేను మడత సంగతి చెబుతాను. అల్లిక బట్టలను చుట్టండి, నేత బట్టలను మడవండి. టీషర్టులు, లోదుస్తులు, మేజోళ్ళు, రాత్రి దుస్తులు అల్లిక బట్టలు. వాటిలో దారం ఉచ్చులు ఉచ్చులుగా ఉండి సాగుతుంది కనుక చుట్టినా ఇబ్బంది లేదు. మందపాటి జీన్సు నేత బట్టే అయినా చుట్టను తట్టుకుంటుంది. పలుచని నేత చొక్కా మాత్రం తట్టుకోదు. చుట్టలో బయటి పొర ఎక్కువ దూరం, లోపలి పొర తక్కువ దూరం తిరుగుతాయి. ముందు భాగం, వీపు భాగం కలిపి చుట్టేసరికి లోపలి పొర మిగిలిపోయి సన్నని ముడతలుగా ముడుచుకుంటుంది. అడ్డగీత ఒకటి తప్పించుకోబోయి చిన్న గీతలు పది కొనితెచ్చుకున్నట్టు అవుతుంది.

చొక్కాను ఇలా మడవండి. పై బొత్తాము, మధ్యలో ఒకటి, అడుగు బొత్తాము పెట్టి, బల్ల మీద వీపు పైకి వచ్చేలా పరచండి. దాని మీద డ్రైక్లీనింగ్‌వారు ఇచ్చే పలుచని ప్లాస్టిక్ కవరు గాని, టిష్యూ కాగితం గాని వేసి, దానితో కలిపే మడవండి. ఆ కవరు ఉండడం వల్ల పొరలు ఒకదాని మీద ఒకటి జారుతాయి, ఒక్కచోటే నలగవు. చేతులను వీపు మీదికి తిన్నగా తెచ్చి, కింది భాగాన్ని ఒక్కసారే పైకి మడవండి. ఆ మడత నడుముకు దిగువన పడాలి. అప్పుడు గీత పడినా ప్యాంటు లోపలికి పోతుంది. కాలరు అణిగిపోకుండా, నడుముకు పెట్టుకునే బెల్టును చుట్టి కాలరు లోపల నిలబెట్టండి. బెల్టుకు విడిగా చోటు వెతకనవసరం కూడా ఉండదు. చొక్కాలను పేర్చేటప్పుడు ఒకదాని కాలరు ఇటు, రెండోదాని కాలరు అటు ఉంచితే దొంతర ఒక పక్కకు ఎత్తుగా లేవదు.

ప్యాంట్ల విషయంలో నాకు నచ్చిన పద్ధతి వేరు. ఇస్త్రీ గీత ప్రకారం కాళ్ళు రెండూ కలిపి, నడుము భాగం పెట్టె లోపల, కాళ్ళు పెట్టె అంచు దాటి బయటికి వేలాడేలా పరుస్తాను. రెండో ప్యాంటును ఎదురు దిక్కు నుంచి అలాగే పరుస్తాను. వాటి మీద చొక్కాల దొంతర, టీషర్టుల చుట్టలు పెట్టి, వేలాడుతున్న కాళ్ళను రెండు వైపుల నుంచీ వాటి మీదికి కప్పుతాను. మోకాలి దగ్గర కత్తివాదర మడత పడే చోట మెత్తని వంపు వస్తుంది. మధ్యలో ఉన్నది కావాలంటే మొత్తం విప్పాలి, అదే దీనితో చిక్కు. రోజుకొక ఊరు మారేవారికి ఇది పనికిరాదు. ఒకేచోట దిగి బట్టలన్నీ బీరువాలో తగిలించుకునేవారికి ఇంతకంటే మంచిది నాకు కనబడలేదు.

సమాధానం: చిన్నపెట్టె

గాలి తీసే సంచుల గురించి ఎవరూ చెప్పలేదు. అవి చోటు మిగులుస్తాయి గాని బరువు తగ్గించవు. చేతి సామానుకు చాలా విమాన సంస్థలు 7 నుంచి 10 కిలోల పరిమితి పెడతాయి కనుక, మిగిలిన చోటులో ఇంకో నాలుగు బట్టలు కూరితే తూకం దగ్గర దొరికిపోతారు. పైగా గాలి పోయినప్పుడు సంచి ఎలా పడితే అలా కుంచించుకుని, లోపలి బట్టను అన్ని దిక్కుల నుంచీ నొక్కుతుంది. స్వెట్టర్లకు, దూది కూరిన చలికోట్లకు, తిరుగు ప్రయాణంలో మాసిన బట్టలకు వాడండి. ఇస్త్రీ చొక్కాలను వాటి దరిదాపులకు రానివ్వకండి.

సూట్‌కేసు అడుగు భాగాన్ని కూడా ఒకసారి తడిమి చూడండి. లాగే పిడి గొట్టాలు లోపలి నుంచి పోయే పెట్టెల్లో అడుగున రెండు గట్లు తేలి ఉంటాయి. వాటి మీద నేరుగా చొక్కా పరిస్తే ఆ గట్ల అచ్చు చొక్కా మీద దిగుతుంది. గట్ల మధ్య పల్లాన్ని మేజోళ్ళు, లోదుస్తుల చుట్టలతో నింపి చదును చేసుకుని, ఆ తరువాతే మడత బట్టలు పెట్టాలి. బూట్లు, ఛార్జర్లు వంటి బరువులు చక్రాల వైపు ఉండాలి. పెట్టెను నిలబెట్టినప్పుడు అదే అడుగవుతుంది. బరువులు పైన ఉంటే నడిచిన కొద్దీ కిందికి జారి బట్టలను నలిపేస్తాయి. బూట్ల లోపలి ఖాళీని వృథా చేయకండి, సంచిలో కట్టిన చిన్న వస్తువులు అందులో పడతాయి. పెట్టె నిండా ఉండాలి గాని కూరినట్టు ఉండకూడదు: వదులుగా ఉంటే బట్టలు ఒక మూలకు దొర్లుతాయి, జిప్పు మోకాలితో నొక్కి వేయవలసి వస్తే అది ఒత్తిడే.

ద్రవాల సీసాలు బట్టల మీద కారకుండా చూసుకోవడం కూడా ఇందులో భాగమే. ఎగిరే విమానంలో క్యాబిన్ పీడనం 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తున ఉండేంతకు తగ్గుతుంది. సగం ఖాళీగా ఉన్న షాంపూ సీసాలోని గాలి వ్యాకోచించి ద్రవాన్ని మూత సందుల్లోంచి నెడుతుంది. మెత్తని సీసా అయితే గాలిని నొక్కి బయటికి పంపి మూత బిగించండి. ఎలాగూ చేతి సామానులో ద్రవాల సీసా 100 మిల్లీలీటర్లకు మించకూడదన్న నిబంధన అమలయ్యే చోట్ల వాటిని పారదర్శకమైన సంచిలోనే పెట్టాలి కనుక, ఆ సంచిని పైఅరలో ఉంచండి.

మళ్ళీ అడుగుతున్నాను: సంచారి

అందరికీ ధన్యవాదాలు. పిడి గట్ల సంగతి చదివి పెట్టె తెరిచి చూశాను; చొక్కాల మీది గీతలకూ వాటికీ దూరం సరిగ్గా సరిపోయింది. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. కోటును ఏం చేయాలి? అన్నీ పాటించినా నలిగిన చొక్కాను ఇస్త్రీ పెట్టె లేనిచోట ఎలా బాగుచేయాలి? స్నానాల గదిలో వేడినీళ్ళు వదిలి తగిలించమంటారు, అది నిజంగా పనిచేస్తుందా?

సమాధానం: నూలుపోగు

ఉన్ని కోటుకు పనిచేస్తుంది, నూలు చొక్కాకు అంతంతమాత్రమే. గదిలో కమ్ముకునే ఆవిరి ఉన్ని పోగును సడలించడానికి చాలు. నూలుకు అంతకంటే తేమ కావాలి, దానితోపాటు లాగి పట్టడం కూడా కావాలి. చొక్కాను హ్యాంగరుకు వేసి, గీతలున్న మేరకు సన్నని తుంపరగా నీళ్ళు చల్లి, ఒక చేత్తో అంచు పట్టుకుని రెండో అరచేత్తో కిందికి రాయండి. బొత్తాముల పట్టీని, కాలరును వేళ్ళ మధ్య బిగువుగా లాగండి. తరువాత జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో కొంచెం దూరం నుంచి ఆరబెట్టండి. పూర్తిగా ఆరకముందే తొడుక్కుంటే ఆ చెమ్మతో మోచేతుల దగ్గర కొత్త ముడతలు పడతాయి. పట్టు బట్ట మీద మాత్రం నీళ్ళు చల్లకండి, మరకలు తేలవచ్చు.

ఆవిరితో ముడతలు తీసే చిన్న పరికరం కొనాలనుకుంటే, అది ఎన్ని వోల్టులకు తయారైనదో చూసుకోండి. కొన్ని దేశాల్లో 110–120, మరికొన్నిటిలో 220–240 వోల్టుల విద్యుత్తు ఉంటుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్లు సాధారణంగా రెండింటినీ తట్టుకుంటాయి గాని, వేడినిచ్చే పరికరాలు చాలావరకు ఒకదానికే పరిమితం. ప్లగ్గు ఆకారం మార్చే అడాప్టరు వోల్టేజీని మార్చదు.

సమాధానం: మడతకత్తె

కోటును పెట్టెలో పెట్టకపోవడమే మేలు. వేసుకునో, చేతిమీద వేసుకునో విమానం ఎక్కండి. అయితే వేసుకునే గంటల తరబడి కూర్చుంటే వీపు కింది భాగం, మోచేతులు నలుగుతాయి కనుక సీటు దగ్గరకు చేరగానే విప్పండి. ఒక భుజాన్ని లోపలి నుంచి తిరగేసి, రెండో భుజాన్ని ఆ గుంటలోకి దూర్చండి. అప్పుడు అస్తరు బయటికి వచ్చి, అసలు బట్ట లోపల దాగుతుంది. నిలువునా సగమైన ఆ కోటును మధ్యలో మెత్తని టీషర్టు పెట్టి అడ్డంగా ఒక్కసారి మడవండి. తప్పనిసరిగా సూట్‌కేసులోనే పెట్టవలసి వచ్చినా ఇదే మడత, అన్నిటికంటే పైన. విమానంలో అయితే తలపై అరలో చుట్టుపక్కలవారి పెట్టెలన్నీ సర్దడం అయ్యేదాకా కోటును ఒళ్ళోనే ఉంచుకుని, అర మూత వేయబోయే ముందు ఆ పెట్టెల మీద పరవండి. ముందే పెడితే తరువాత వచ్చినవారి సంచి దాని మీదే పడుతుంది.