ఉబుంటు 22.04లో పైథాన్ 3.11: డిస్ట్రో ఇచ్చిందే వాడాలా, విడిగా వేసుకోవాలా?

మొలక_22
అందరికీ నమస్తే. మా ఆఫీసులో ఉబుంటు 22.04 (లినక్స్ డిస్ట్రో) సర్వర్ ఉంది. దాంతో వచ్చిన పైథాన్ 3.10. రిపోర్టుల స్క్రిప్టుకి నంపై (లెక్కల లైబ్రరీ) 2.3 కావాలి, అది 3.11 లేనిదే ఎక్కనంటోంది. సీనియర్ ఒకాయన "అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్‌తో పైథాన్3ని 3.11 వైపు తిప్పెయ్, అయిపోతుంది" అన్నారు (ఒక కమాండ్ పేరు ఏ వెర్షన్‌ని నడపాలో మార్చే పనిముట్టు అది). ఇంకొకరు పైఎన్వ్ అంటారు, మరొకరు యూవీ అంటారు (రెండూ పైథాన్ వెర్షన్లని విడిగా వేసే పనిముట్లు). రోజూ రాత్రి 2 గంటలకి క్రాన్‌లో (టైము ప్రకారం పనులు నడిపేది) నడవాల్సిన పని ఇది. ఏ దారిలో వెళ్తే తర్వాత తలనొప్పి ఉండదో చెప్పగలరా?

రూట్_బాబాయ్
తమ్ముడూ, ఆ మొదటి సలహా మాత్రం వినకు. యూఎస్‌ఆర్ బిన్‌లో ఉన్న పైథాన్3 నీది కాదు, ఉబుంటుది. దాన్ని తిప్పావంటే ప్యాకేజీలు వేసే ఆప్ట్ పోతుంది. డిస్ట్రో ఏది ఇస్తే దాంతో పని కానివ్వాలి. నంపై 2.2 మీకు సరిపోతుందేమో ముందు చూడు, అది 3.10 మీద నడుస్తుంది. సరిపోకపోతే సర్వర్‌ని 24.04కి మార్చండి, అందులో 3.12 ఉంది. పక్కదారులు వద్దు.

గోదారి_కోడర్
బాబాయ్, ఆప్ట్ పోదు. అది సీ ప్లస్ ప్లస్‌లో రాసింది, పైథాన్‌తో దానికి పనిలేదు. కొత్తగా వచ్చిన పిల్లలకి లేనిపోని భయాలు పెట్టకండి.

తమ్ముడూ, యూవీ వేసుకో. ఒక్క కమాండుతో 3.11 నీ హోమ్ డైరెక్టరీలోకి దిగుతుంది. రూట్ (అడ్మిన్ హక్కు) అడగక్కర్లేదు, సిస్టమ్ పైథాన్ జోలికి పోదు. లైబ్రరీ పాతది వాడుకో, లేదంటే సర్వర్ మొత్తం మార్చు అనడం సలహా కాదు, పని ఆపడం.

ఓరుగల్లు_బైట్
డాకర్‌లో (ప్రోగ్రాముని దాని సరంజామాతో సహా విడిగా నడిపేది) పెట్టేయండి, గొడవే ఉండదు.

రూట్_బాబాయ్
ఆప్ట్ దేంట్లో రాశారో నాకూ తెలుసు గోదారీ. దాని చుట్టూ ఉన్నవాటి సంగతి చూడు. కొత్త రిపో కలిపే ఆడ్-ఆప్ట్-రిపోజిటరీ, ప్యాచ్‌లు వాటంతటవే ఎక్కించే అనటెండెడ్-అప్‌గ్రేడ్స్ రెండూ పైథాన్ స్క్రిప్టులే. రెండూ ఆప్ట్-పీకేజీ అనే మాడ్యూల్‌ని పిలుస్తాయి. అది 3.10 కోసం కంపైల్ చేసిన ఫైలు, పేరులోనే "సీపైథాన్-310" అని ఉంటుంది. 3.11 దాన్ని తీసుకోదు, మాడ్యూల్ దొరకలేదని ఆగిపోతుంది.

మొదటిది ఆగితే స్క్రీన్ మీదే ఎర్రర్ కనిపిస్తుంది. రెండోది ఆగితే అడిగే నాథుడు ఉండడు. సర్వర్ మామూలుగానే నడుస్తుంటుంది, సైటు తెరుచుకుంటుంది, సెక్యూరిటీ ప్యాచ్‌లు మాత్రం ఎక్కవు. ఎవరో పనిగట్టుకుని లాగ్ తెరిస్తే తప్ప బయటపడదు. నేను భయపడేది దానికి.

గోదారి_కోడర్
అంటే ఆప్ట్ పోదు. అంతేగా నేనన్నది?

తుంగభద్ర
ఆల్టర్నేటివ్స్ వద్దని ఇద్దరూ అంటున్నారు కదా, ఇక ఆ మాట వదిలేయండి. రెడ్‌హ్యాట్ వాళ్ళు ఈ బాధ పడలేకే 8వ వెర్షన్‌లో సిస్టమ్ పనిముట్లకి ప్లాట్‌ఫామ్-పైథాన్ అని వేరే పెట్టి, యూఎస్‌ఆర్ లిబ్‌ఎగ్జెక్ లోపల దాచారు. అంతకుముందు వాళ్ళ లినక్స్‌కి నకలైన సెంటాస్ 6లో యమ్ (అక్కడి ఆప్ట్ లాంటిది) నడిచేది పైథాన్ 2.6 మీద. 2.7 కోసమని దాన్ని మార్చిన వాళ్ళందరికీ యమ్ పడిపోయేది.

మొలక గారూ, రాత్రి నడిచే పని అన్నారు. అది ఏ యూజర్ కింద నడుస్తుంది? ముందు అది చెప్పండి.

మొలక_22
నా యూజర్ కిందే మేడమ్. నా క్రాన్‌ట్యాబ్‌లోనే పెట్టాను.

రూట్_బాబాయ్
చూశారా! యూవీ పైథాన్‌ని దించేది హోమ్‌లోని లోకల్ షేర్ కిందికి. వీఎన్వ్‌లో (ఒక్కో పనికి లైబ్రరీలు విడిగా పెట్టే డైరెక్టరీ) ఉండే పైథాన్ ఉత్త సిమ్‌లింక్, అక్కడికే చూపిస్తుంది. రేపు ఈ అబ్బాయి కంపెనీ మారతాడు, అకౌంట్ తీసేస్తారు, హోమ్ డైరెక్టరీ చెరిపేస్తారు. రాత్రి రిపోర్టు ఆగిపోతుంది. పొద్దున్నే ఫోన్ ఎవరికొస్తుంది? నాలాంటి వాడికి.

పైఎన్వ్ కథా ఇంతే. దాని లైన్లు బ్యాష్‌ఆర్‌సీలో (షెల్ తెరిచినప్పుడు చదివే ఫైలు) పెడతారు. ఉబుంటులో ఆ ఫైలు మొదట్లోనే "ఇంటరాక్టివ్ షెల్ కాకపోతే వెనక్కి పో" అని ఉంటుంది. క్రాన్ దాన్ని చదవదు, క్రాన్‌కి తెలిసిన పాత్ (ప్రోగ్రాములు వెతికే చోట్లు) యూఎస్‌ఆర్ బిన్, బిన్ అంతే. చేత్తో నడిపితే 3.11, రాత్రి నడిస్తే 3.10. ఇక "నా దగ్గర బాగానే నడుస్తోంది" అని వాదన మొదలు.

గోదారి_కోడర్
క్రాన్ లైనులో వీఎన్వ్ పైథాన్‌కి పూర్తి పాత్ రాస్తే ఆ గోల ఉండదు. యూవీకి ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఇస్తే పైథాన్‌ని హోమ్‌లో కాకుండా /opt డైరెక్టరీలో వేస్తుంది. పనికి ఒక సర్వీస్ అకౌంట్ (మనిషిది కాకుండా పని కోసమే ఉండేది) చేసుకుంటే ఎవరు మానేసినా ఆగదు. ఇవన్నీ రెండు లైన్ల పనులు, మీరు కొండంత చేస్తున్నారు.

డిస్ట్రో, డిస్ట్రో అంటున్నారు కాబట్టి అడుగుతున్నా. 22.04 యూనివర్స్ రిపోలో (కమ్యూనిటీ చూసుకునే ప్యాకేజీల చోటు) 3.11 ప్యాకేజీ ఉంది, ఆప్ట్‌తోనే వస్తుంది. వేసి వెర్షన్ చూడండి: 3.11.0 ఆర్‌సీ1. అంటే అసలు రిలీజ్ కాకముందు వచ్చిన ట్రయల్ వెర్షన్. యూనివర్స్‌కి సెక్యూరిటీ ప్యాచ్‌లు కావాలంటే ఉబుంటు ప్రో సబ్‌స్క్రిప్షన్ తీసుకోవాలి. ఇదేనా మీరు నమ్మమనే డిస్ట్రో?

హంపి_పెంగ్విన్
డెడ్‌స్నేక్స్ పీపీఏ (బయటివాళ్ళు నడిపే ప్యాకేజీల రిపో) ఉందిగా. 22.04కి 3.11 దాంట్లో దొరుకుతుంది, సిస్టమ్‌ది అలాగే ఉంటుంది.

రూట్_బాబాయ్
పెంగ్విన్ గారూ, సెక్యూరిటీ ప్యాచ్‌లు వేళకి వస్తాయన్న హామీ లేదని ఆ పీపీఏ వాళ్ళే రాసి పెట్టారు.

గోదారీ, యూనివర్స్ నుంచి తెచ్చుకోమని నేనెక్కడన్నాను? 3.10తో ఉండు లేదా 24.04కి వెళ్ళు అన్నాను. మెయిన్ రిపోలో ఉన్న పైథాన్‌కి ఉబుంటు కంపెనీ కనానికల్ ప్యాచ్ ఇస్తుంది. అది సిస్టమ్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ని (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) వాడుతుంది. 2014 ఏప్రిల్‌లో దాంట్లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడినప్పుడు చేయాల్సింది ఏమిటి? లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీ అప్‌గ్రేడ్ చేసి, దాన్ని వాడే సర్వీసుల్ని రీస్టార్ట్ చేయడం. ఒక్కచోట మారిస్తే అందరికీ మారింది. సొంతంగా ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కలుపుకుని కంపైల్ చేసుకున్నవి మాత్రం ఎక్కడెక్కడ ఉన్నాయో వెతుక్కోవాలి. యూవీ ఇచ్చే పైథాన్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లోపలే అతికించి ఉంటుంది. నేను ఆప్ట్ అప్‌గ్రేడ్ కొట్టినా దానికి తగలదు.

గోదారి_కోడర్
పిప్‌తో క్రిప్టోగ్రఫీ ప్యాకేజీ వేస్తే ఆ వీల్ (సిద్ధంగా కట్టిన ప్యాకేజీ ఫైలు) లోపల కూడా సొంత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఉంటుంది. సైకోపీజీ2-బైనరీలోనూ అంతే. మీరు పవిత్రంగా చూసుకునే 3.10 మీద వేసినా అది వస్తుంది. అంటే మీ సర్వర్లలో ఇప్పటికే మీ ఆప్ట్‌కి అందనివి ఉన్నాయి, మీరు చూడలేదంతే.

రూట్_బాబాయ్
నేను చూడలేదా? నా సర్వర్‌లో ఏముందో నాకు నువ్వు చెబుతున్నావా? వినాల్సిన కథ ఒకటి ఉంది, విను.

పాత కంపెనీలో ఒక డెవలపర్ /opt డైరెక్టరీలో సోర్స్ నుంచి పైథాన్ కట్టాడు, దానికి తోడు సొంత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్. ఏ ఆప్షన్లతో కట్టాడో ఒక్క ముక్క రాసిపెట్టలేదు. ఏడాది తిరక్కుండానే మానేశాడు. ఆడిట్‌కి వచ్చినవాళ్ళు స్కానర్ పెడితే పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ బయటపడింది. దాన్ని తీసేస్తే బిల్లింగ్ ఆగుతుంది, ఉంచితే ఆడిట్ ఫెయిల్. అందరూ నా వైపే చూశారు. నేను వేయలేదు, నన్ను అడిగి వేయలేదు, అయినా ఆ ఏడాది అప్రైజల్‌లో "సర్వర్ల మీద పట్టు లేదు" అని నాకు రాశారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

గోదారి_కోడర్
మీ బాధ అర్థమైంది, ఇప్పుడు నాది కూడా వినండి. 3.9 కావాలని టికెట్ పెట్టాను. "స్టాండర్డ్‌లో లేదు" అని మూసేశారు. మళ్ళీ పెట్టాను, సెక్యూరిటీ అప్రూవల్ అన్నారు. అప్రూవల్ ఇచ్చేవాళ్ళు ఇన్‌ఫ్రా టీమ్‌ని అడగమన్నారు. డేట్ దాటిపోయింది. క్లయింట్ కాల్‌లో మాటలు పడింది నేను, ఇన్‌ఫ్రా వాళ్ళు ఆ కాల్‌లో లేనేలేరు. ఆ తర్వాత నుంచి నేను టికెట్ పెట్టడం మానేశాను. హోమ్‌లో వేసుకుంటాను, పని నడుస్తుంది.

రూట్ మీ చేతిలో, డెడ్‌లైన్ నా నెత్తిన. మీరు "వద్దు" అంటే మీకు పోయేదేం లేదు.

రూట్_బాబాయ్
నువ్వు వేసి వెళ్ళిపోతే నీకు పోయేదేం ఉంది? రాత్రి ఫోన్ నీకు రాదు. ఆన్-కాల్ లిస్టులో నీ పేరుందా?

గోదారి_కోడర్
పెట్టమనండి, ఉంటాను. ఎవరూ అడగలేదు. ఆన్-కాల్‌లో ఉండాలంటే ఆ డైరెక్టరీ మీద హక్కు కూడా నాదే కావాలి. ప్యాచ్ వచ్చిన రోజే నేను వేసుకోగలగాలి, మీ మార్పుల మీటింగ్ కోసం గురువారం దాకా ఆగకుండా.

రూట్_బాబాయ్
/opt కింద ఒక డైరెక్టరీ, ఒక సర్వీస్ అకౌంట్, ఆ అకౌంట్‌లోకి మారడానికి మాత్రమే సుడో అనుమతి. ఇంతవరకు నేనిస్తాను. రూట్ ఇవ్వను. దానికి బదులుగా ఏ పైథాన్, ఏ వెర్షన్, ఎక్కడి నుంచి వచ్చింది, ప్యాచ్ ఎవరు చూస్తారు అన్నది రాతలో ఉండాలి. "టీమ్" అని రాస్తే ఒప్పుకోను, మనిషి పేరు కావాలి.

గోదారి_కోడర్
మనిషి పేరు రాస్తే మనిషి మానేసిన రోజు ఆ కాగితం చెత్తే. మీ పాత కంపెనీలో జరిగింది అదే కదా. టీమ్ పేరు, టీమ్ మెయిల్ ఉండాలి. లాక్ ఫైలు (ఏ లైబ్రరీ ఏ వెర్షనో రాసి ఉండేది), పైథాన్ వెర్షన్ రెండూ గిట్‌లో ఉండాలి. ఎవరైనా మళ్ళీ మొదటి నుంచి కట్టుకోగలగాలి.

రూట్_బాబాయ్
గిట్‌లో ఉండాలన్న మాటకి సరే. టీమ్ మెయిల్‌కి సరే కాదు. టీమ్ మెయిల్‌కి పంపినవి ఎవరు చదువుతారో అందరికీ తెలుసు.

ఓరుగల్లు_బైట్
అందుకే డాకర్ అన్నాను.

తుంగభద్ర
బైట్ గారూ, పైథాన్ 3.11 స్లిమ్ ఇమేజ్‌లో ఉన్నది డెబియనే. ఎవరూ కొత్త ఇమేజ్ లాగి మళ్ళీ బిల్డ్ చేయకపోతే అందులోని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ బిల్డ్ చేసిన రోజుదే ఉండిపోతుంది. అక్కడ కూడా ఎవరు చేస్తారన్నది తేలాల్సిందే.

బీఎస్డీ_వాసి
ఫ్రీబీఎస్డీలో (లినక్స్ కాని మరో ఓఎస్) బేస్ సిస్టమ్‌లో పైథానే లేదు. పెర్ల్ కూడా 5.0 నుంచే తీసేశారు. ఏది వేసుకున్నా యూఎస్‌ఆర్ లోకల్ కిందే. బేస్‌కి దెబ్బ తగలదు.

మొలక_22
అందరికీ థాంక్స్. ఇప్పటిదాకా చేసింది: అడ్మిన్ గారిని అడిగి సర్వీస్ అకౌంట్ తీసుకున్నాను. /opt కింద డైరెక్టరీలో యూవీతో 3.11, అక్కడే వీఎన్వ్. క్రాన్ లైన్ నా అకౌంట్ నుంచి తీసేసి, పూర్తి పాత్‌తో కొత్త అకౌంట్‌లో రాశాను. సిస్టమ్ పైథాన్3 ఇంకా 3.10నే చూపిస్తోంది. నిన్న రాత్రి రిపోర్టు వచ్చింది.

ప్యాచ్ ఎవరు చూడాలని మేనేజర్ గారిని మెయిల్‌లో అడిగాను. "ముందు నడవనీ, తర్వాత చూద్దాం" అన్నారు.

రూట్_బాబాయ్
ఆ మెయిల్ దాచుకో తమ్ముడూ. అందులో తేదీలు కూడా రాసి మళ్ళీ పంపు: 22.04 మామూలు సపోర్ట్ 2027 ఏప్రిల్ దాకా, 3.11కి పైథాన్ వాళ్ళ ప్యాచ్‌లు 2027 అక్టోబర్ దాకా. ఆ లోపు ఆయన ఒక పేరు చెప్పాలి.

గోదారి_కోడర్
టీమ్ పేరు.