ఆర్డుయినో దాటి ఫర్మ్‌వేర్, డ్రైవర్ ఉద్యోగాలకు: ఏ బోర్డు, ఏ వరుస?

ప్రశ్న | ఈసీఈ_చివరి_ఏడాది
నమస్తే అండి. సీ బాగానే వచ్చు, పాయింటర్లంటే భయం లేదు. ఆర్డుయినోతో సెన్సర్ ప్రాజెక్టులు చేశాను గానీ లోపల ఏం జరుగుతోందో తెలియదు. ఫర్మ్‌వేర్ (చిప్‌లోనే నడిచే ప్రోగ్రాం) లేదా లైనక్స్ డ్రైవర్ల వైపు వెళ్లాలనుంది. ఎనిమిది నెలల టైముంది. ఏం కొనాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు | రీసెట్_వెక్టర్
ఒక్క బోర్డు చాలు. న్యూక్లియో ఎఫ్446ఆర్‌ఈ తీసుకోండి: కార్టెక్స్ ఎం4, 512 కేబీ ఫ్లాష్, 128 కేబీ ర్యామ్, డీబగ్గర్ బోర్డు మీదే ఉంటుంది. చవగ్గా దొరికే బ్లూ పిల్ బోర్డులు వద్దు. వాటిలో నకిలీ చిప్‌లు ఎక్కువ. తప్పు మీ కోడ్‌దా, చిప్‌దా అని తేల్చుకోవడానికే వారం పోతుంది.

లైబ్రరీ ముట్టకండి. లింకర్ స్క్రిప్టు (కోడ్, డేటా మెమరీలో ఎక్కడ ఉండాలో చెప్పే ఫైలు), స్టార్టప్ కోడ్ (మెయిన్ కన్నా ముందు నడిచేది) మీరే రాయండి. ఫ్లాష్‌లో మొదటి నాలుగు బైట్లు స్టాక్ పాయింటర్ విలువ, తర్వాతి నాలుగు రీసెట్ హ్యాండ్లర్ (చిప్ మొదలవగానే నడిచే ఫంక్షన్) అడ్రస్. ఆ అడ్రస్ చివరి బిట్ 1 కాకపోతే అక్కడికక్కడే హార్డ్ ఫాల్ట్ (ప్రాసెసర్ ముందుకు సాగలేని తప్పు). డేటా సెక్షన్‌ను ర్యామ్‌లోకి కాపీ చేయడం మరిస్తే ఇంకా కష్టం: ప్రోగ్రాం నడుస్తూనే ఉంటుంది, గ్లోబల్ వేరియబుల్స్‌లో మాత్రం చెత్త ఉంటుంది.

తర్వాత పీఏ5 పిన్ మీది ఎల్‌ఈడీ. వెలగలేదా? జీపీఐఓ-ఏ (ఆ పిన్ ఉన్న పోర్టు) క్లాక్ ఆన్ చేశారో లేదో చూడండి (హెక్స్‌లో 40023830, బిట్ 0). క్లాక్ లేని పెరిఫెరల్‌లో (చిప్‌లోని ఇలాంటి భాగంలో) రాసింది నిలవదు, ఎర్రరూ రాదు.

ఆపైన యూఆర్ట్ (కంప్యూటర్‌కి అక్షరాలు పంపే సీరియల్ పోర్టు). రీసెట్ తర్వాత చిప్ 16 మెగాహెర్ట్జ్ మీద ఉంటుంది కాబట్టి 115200 బాడ్‌కి (సెకనుకు అన్ని బిట్లు) బీఆర్‌ఆర్‌లో (ఆ వేగం నిర్ణయించే రిజిస్టర్‌లో) 139. క్లాక్ పెంచి ఏపీబీ1ను (యూఆర్ట్‌కి క్లాక్ ఇచ్చే బస్సును) 45 మెగాహెర్ట్జ్‌కి తెచ్చాక కూడా 139 వదిలేస్తే తెర మీద పిచ్చి అక్షరాలే. అప్పుడు 391 కావాలి. చిప్‌ను 180 మెగాహెర్ట్జ్‌కి తెచ్చే ముందే ఫ్లాష్ వెయిట్ స్టేట్లు (ఫ్లాష్ చదవడానికి ప్రాసెసర్ ఆగే సైకిళ్లు) 5 పెట్టాలి, తర్వాత పెడదామంటే అక్కడే ఆగిపోతుంది.

ఇది మూడు నెలల పని. అంతవరకు ఆర్‌టీఓఎస్ (చిన్న చిప్‌ల ఆపరేటింగ్ సిస్టమ్) జోలికి పోకండి.

జవాబు | ప్రోబ్_రాలేదు
పైన చెప్పిన వరుస సరైనదే. లైనక్స్‌కి మాత్రం వేరే బోర్డు అక్కర్లేదు, క్యూఈఎంయూలో (కంప్యూటర్‌లోనే బోర్డును అనుకరించే ప్రోగ్రాంలో) మెయిన్‌లైన్ కెర్నెల్ బూట్ చేసి చిన్న ప్లాట్‌ఫాం డ్రైవర్ రాయండి. ప్రోబ్ (డివైస్ దొరికినప్పుడు కెర్నెల్ పిలిచే డ్రైవర్ ఫంక్షన్) రాకపోతే డివైస్ ట్రీలోని (హార్డ్‌వేర్ వివరాల ఫైలులోని) కంపాటిబుల్ స్ట్రింగ్‌నూ డ్రైవర్‌లోని దాన్నీ అక్షరం అక్షరం పోల్చండి. కామా తర్వాత ఒక్క ఖాళీ ఉన్నా కలవదు.

ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో జీఎఫ్‌పీ_కెర్నెల్‌తో కేమాలాక్ (కెర్నెల్‌ను మెమరీ అడగడం) చేయకండి, అది నిద్రపోవచ్చు. మెమరీ ఖాళీగా ఉన్నన్నాళ్లూ బాగానే నడిచి, ఇరుకైన రోజున పడిపోతుంది. అందుకే డీబగ్_అటామిక్_స్లీప్ (నిద్రపోకూడని చోట నిద్రను పట్టించే సెట్టింగ్) ఆన్ చేసి కెర్నెల్ కట్టండి. నిద్ర తప్పని పనిని థ్రెడెడ్ ఐఆర్‌క్యూకి (ఇంటరప్ట్ పనిని విడి థ్రెడ్‌లో నడిపే పద్ధతికి) ఇవ్వండి.

హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, ఏఎమ్‌డీ లాంటి చిప్ కంపెనీల ప్రకటనల్లో బీఎస్‌పీ (బోర్డుకు కావలసిన డ్రైవర్ల కట్ట), బ్రింగప్ (కొత్త బోర్డును మొదటిసారి నడిపించడం), పోస్ట్ సిలికాన్ వాలిడేషన్ (తయారైన చిప్‌ను పరీక్షించడం) అన్న మాటలు వెతకండి. ఇంటర్వ్యూలో ప్రాజెక్టుల సంఖ్య కన్నా బగ్‌ను ఎలా పట్టుకున్నారన్నదే ముఖ్యం. వేరియబుల్‌కి వోలటైల్ పెడితే అటామిక్ (మధ్యలో తెగని పని) ఎందుకు అయిపోదో చెప్పగలగాలి.

ప్రశ్న | ఈసీఈ_చివరి_ఏడాది
చాలా థాంక్స్ అండి. ఐ2సీ (రెండు తీగల బస్సు) సెన్సర్ ఒకటి ఉంది. ఒక్కోసారి బోర్డు రీసెట్ చేశాక పలకదు, పవర్ తీసి పెడితే మళ్లీ వస్తుంది. కోడ్ తప్పేనా?

జవాబు | రీసెట్_వెక్టర్
సెన్సర్ నుంచి చదువుతుండగా రీసెట్ పడి ఉంటుంది. సెన్సర్‌కి రీసెట్ సంగతి తెలియదు, మిగతా బిట్లకు క్లాక్ వస్తుందని ఎస్‌డీఏను (డేటా తీగను) కిందికి పట్టుకుని కూర్చుంటుంది. ఇనిట్‌లో ఎస్‌సీఎల్‌ను (క్లాక్ తీగను) మామూలు పిన్‌గా, ఓపెన్ డ్రెయిన్‌లో పెట్టి 9 పల్సులు ఇవ్వండి, ఎస్‌డీఏ పైకి వచ్చాక స్టాప్ ఇచ్చి ఐ2సీకి అప్పగించండి. పుల్అప్‌లు (తీగను పైకి లాగే రెసిస్టర్లు) కూడా చూడండి: చిప్ లోపలివి సుమారు 40 కిలోఓమ్‌లు, అవి చాలవు. బయట రెండు తీగలకూ 4.7 కిలోఓమ్‌లు పెట్టండి. 8 ఛానెళ్ల చిన్న లాజిక్ అనలైజర్ తగిలిస్తే ఇదంతా కంటికి కనిపిస్తుంది. బోర్డు తర్వాత కొనాల్సింది అదే.