అప్‌డేట్: తాతగారి జోడు గొట్టాల తుపాకీపై ఉన్న గోధుమరంగు చారలు తుప్పు కావు

దేవరకొండ దగ్గర మా ఇంట్లో తాతగారి కాలం నుంచి ఉన్న, ఇప్పుడు నా లైసెన్సులోకి మారిన 12 బోర్ తుపాకీ గొట్టాలపై కనిపించే మెలికల చారలు తుప్పేనా, పాలిష్ చేయించవచ్చా అని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

గొట్టాలను విడదీసి అడుగుభాగం చూడమన్న సలహాయే పనికొచ్చింది. తూటా పెట్టే చోటికి దగ్గరగా బర్మింగ్‌హామ్ పరీక్షా కేంద్రం వేసిన కిరీటపు ముద్రలతోపాటు ‘నాట్ ఫర్ బాల్’ (ఒంటి గుండు పేల్చడానికి కాదు) అన్న ఇంగ్లీషు అక్షరాలు బయటపడ్డాయి. మూతి దగ్గర సన్నబడే గొట్టాలపై 1875 నుంచి 1887 వరకు ఈ ముద్ర వేసేవారని హైదరాబాదులో తుపాకులు బాగుచేసే లైసెన్సుదారు చెప్పారు. ఆ చారలు, ఇనుము, ఉక్కు పట్టీలను మెలితిప్పి, కడ్డీకి చుట్టి, కాల్చి అతికించిన డమాస్కస్ గొట్టానికి సహజమైనవి. పాలిష్ పెట్టించి ఉంటే ఆ పాతరంగు అంతా పోయేది.

తుపాకీ మీది నగిషీ సంగతి వేరు. ఎండిన నూనెను ఆ బాగుచేసే ఆయన మెత్తటి బ్రష్షుతో, కిరోసిన్‌తో తీసేసరికి, గులాబీ రేకుల్లో వెంట్రుకంత గీతలు, మరమేకుల తలల మీదుగా ఆగకుండా సాగిన తీగచుట్లు కనిపించాయి.

ఒక్కొక్కరికి రెండు తుపాకులే అన్న, ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ గురించి ఇక్కడ జరిగిన చర్చ నాకు వర్తించలేదు, నా దగ్గరున్నది ఇదొక్కటే. నేటి తూటాల్లో ఉండే పొగరాని తుపాకీ మందుకు పరీక్షించిన ముద్ర దీనిపై లేదు కనుక, వాటిని ఇందులో పేల్చకూడదని ఆయన గట్టిగా చెప్పారు.